బైపాస్ తరవాత బరువు ఎన్నాళ్లు ఎత్తకూడదు?

సంపాదకులు గారికి,
నమస్కారం.

గుండె ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రివారు ఇంటికి పంపుతూ ఇచ్చే కాగితంలో ‘బరువులు ఎత్తరాదు’ అన్న మాట ఉంటుంది. ఎన్నాళ్లు ఎత్తకూడదన్నది నా కాగితంలో లేదు, నాతో నడిచే మిత్రుల కాగితాల్లోనూ లేదు. బైపాస్ కోసం కోసిన రొమ్ము ఎముక గట్టిగా అతుక్కునేదాకా, అంటే సుమారు 3 నెలలపాటు పాటించవలసిన జాగ్రత్తను మావంటి వృద్ధులు ఆయుష్షున్నంత కాలం పాటిస్తున్నారు.

నాకు 71 ఏళ్లు. 4 ఏళ్ల క్రితం బైపాస్ అయింది. అప్పటినుంచి చెన్నైలో లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కులో (ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరున్న పార్కే) రోజూ నడుస్తున్నాను. నడక తప్ప మరేదీ చేయలేదు. ఇంట్లో వాళ్లు నీళ్ల బకెట్టు కూడా ముట్టుకోనివ్వలేదు. 2 ఏళ్లు తిరిగేసరికి పూజ దగ్గర పీట మీద కూర్చుంటే చేయూత లేకుండా లేవలేని స్థితికి వచ్చాను. గుండె బాగానే ఉందని ఎకో పరీక్ష చెప్పింది, తొడలే కరిగిపోయాయి. మా వీధిలోని ఒక ఫిజియోథెరపిస్టు, నా డాక్టరు అనుమతి తీసుకున్న తరవాతే, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించి, గోడను తోయడం, రబ్బరు పట్టీ లాగడం, చివరికి 1 కిలో డంబెల్ దాకా తీసుకువచ్చారు. ఇప్పుడు లిఫ్టు లేని మా ఇంటి రెండో అంతస్తుకు కూరగాయల సంచీ నేనే మోసుకెళ్తున్నాను.

ఇది నా ఒక్కడి అదృష్టం కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2000లోనూ, 2007లోనూ, మళ్లీ 2023లోనూ కండరాల వ్యాయామంపై ప్రకటనలు వెలువరించింది. నిలకడగా ఉన్న గుండె జబ్బువారు వారానికి 2 రోజులు, 8 నుంచి 10 రకాల వ్యాయామాలు, ఒక్కొక్కటి 10 నుంచి 15 సార్లు చేయవచ్చునని 2007 నాటి ప్రకటన చెబుతోంది. ఒక్కసారి మాత్రమే ఎత్తగల బరువులో చేతులకు 30–40 శాతం, కాళ్లకు 50–60 శాతంతో మొదలుపెట్టమన్నది అందులోని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా 65 దాటినవారికి వారానికి కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం కావాలంటున్నాయి.

అసలు ప్రమాదం బరువు ఒక్కదానిలోనే లేదు, ఊపిరి బిగబట్టడంలోనూ ఉంది. ఆరోగ్యవంతులైన యువ వస్తాదులు ఊపిరి బిగించి రెండు కాళ్లతో భారీ బరువు తోస్తున్నప్పుడు ధమనిలో కొలిస్తే, ఒకరిలో రక్తపోటు 480/350 దాకా వెళ్లిందని 1985లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. మలబద్ధకంతో ముక్కేవారికి జరిగేదీ ఈ కోవలోనిదే, కనుక ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, దించేటప్పుడు పీల్చడం మొదటి పాఠం కావాలి. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారిలో నాడి వేగం అణగి ఉంటుంది, నాడిని చూసి శ్రమను అంచనా వేయలేము. మాట తడబడకుండా మాట్లాడగలిగినంతలోనే ఆపాలి. ఛాతీ నొప్పి తరచూ వస్తున్నవారు, బీపీ 180/110 దాటి అదుపులో లేనివారు, గుండె వైఫల్యంతో ఒంట్లో నీరు చేరినవారు, బృహద్ధమని కవాటం (గుండె నుంచి రక్తం బయటికి పోయే చోటి వాల్వు) బాగా ఇరుకైనవారు ఈ వ్యాయామాల జోలికి పోకూడదు. పేస్‌మేకర్ కొత్తగా పెట్టించుకున్నవారు ఆ వైపు చేతిని ఎప్పుడు పైకెత్తవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఇంత వివరం తెలిసినవారు పార్కులో ఎవరున్నారు? మా ఇంటికి దగ్గరలోని మరొక పార్కులో రంగురంగుల ఇనుప యంత్రాలు అమర్చారు. వాటిలో చాలావరకు మన ఒంటి బరువునే మనచేత ఎత్తిస్తాయి, తగ్గించుకునే వీలుండదు. 70 కిలోల మనిషి మొదటి రోజే తన బరువుతో కుస్తీ పట్టాలి. ఎలా వాడాలో చెప్పే బోర్డు కూడా లేదు. పక్కనున్న కుర్రాడు ‘ఇంకో పది లాగండి తాతగారూ’ అంటే లాగడమే.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజల చెంతకే వైద్యం) పథకంలో ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. 2023 నవంబరులో జిల్లాజిల్లాకు 8 కిలోమీటర్ల నడక దారిని కూడా ఏర్పాటు చేశారు. నడకకు చూపిన శ్రద్ధలో కొంత కండరాల మీదకూ మళ్లించి, ఆ ఫిజియోథెరపిస్టులను వారానికి 2 ఉదయాలు, గంటసేపు, పెద్ద పార్కుల్లో కూర్చోబెట్టాలని కోరుతున్నాను. వారి దగ్గర బీపీ యంత్రం, 1 నుంచి 3 కిలోల డంబెల్సు, రబ్బరు పట్టీలు, చేతులు లేని నాలుగు కుర్చీలు ఉంటే సరిపోతుంది. వచ్చేవారు తమ డాక్టరు అనుమతి పత్రం, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవారైతే ఆ మాత్ర, వెంట తెచ్చుకోవాలన్న నియమం పెట్టాలి. ఆసుపత్రులవారు డిశ్చార్జ్ కాగితంలో ‘బరువులు ఎత్తరాదు’ అన్న చోట ఏ తేదీ వరకో, ఎన్ని కిలోలో, ఆ తరవాత ఎవరిని కలవాలో కూడా రాయాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
మైలాపూరు, చెన్నై.