మా విద్యార్థిని గురించి నన్ను అడిగారు

సంపాదకులకు నమస్కారం.

ఇచ్ఛాపురం ప్రాంతంలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో 22 ఏళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. పోయిన నెల నా చేతికి ఒక ఫారం వచ్చింది. బైపీసీ పూర్తిచేసిన మా విద్యార్థిని ఒకామె బయటి రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. పాఠం చెప్పినవాళ్ళు ఆమె గురించి రాసి పంపాలట. ‘ఈ విద్యార్థి అడిగిన ప్రశ్నల్లో మీకు గుర్తుండిపోయినది ఏది?’ అని ఉంది అందులో. టీసీల మీద, స్కాలర్‌షిప్పు కాగితాల మీద వేల సంతకాలు పెట్టాను గానీ, ఇన్నేళ్ళలో ఒక పిల్ల గురించి నన్ను ఎవరూ ఇలా అడగలేదు.

జవాబు రాయడానికి రెండు రాత్రులు పట్టింది. గుర్తులేక కాదు, ఏది వదిలెయ్యాలో తేలక.

మొదటి సంవత్సరంలో మొలస్కా పాఠం చెబుతూ బోర్డు మీద పైలా బొమ్మ వేశాను. పైలా అంటే మన వరిపొలాల్లో దొరికే నత్తగుల్లే. మా దగ్గర తేలుకుంచి అనే ఊరికి ఏటా వచ్చే నత్తగుల్ల కొంగల తిండి అది. ఆ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్కలా గుల్లను ఆ సందులో ఇరికించి పగలగొడుతుందని ప్రతి ఏడూ చెప్పినట్టే చెప్పాను. మర్నాడు ఆ అమ్మాయి సంచినిండా ఖాళీ గుల్లలు తెచ్చి బల్ల మీద పోసింది. “సార్, ఇవి కొంగలు తిని వదిలేసినవి. మూత ఊడింది గానీ గుల్ల పగల్లేదు. పగలగొడితే ఇలా ఎందుకుంటాయి?” అంది.

నా దగ్గర జవాబు లేదు. వెతికితే తేలిందేమిటంటే, జూలియన్ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్త 1960లో ఈ సందు గురించి ప్రత్యేకంగా రాసిన వ్యాసంలో ఆయన కూడా అడకత్తెర మాటే అన్నారు, కానీ తరవాత గమనించినవాళ్ళు అది కాదని తేల్చారు. కొంగ గుల్లను పగలగొట్టదు. కింది ముక్కు కొనను లోపలికి దూర్చి, కండను కోసి నత్తను బయటికి లాగుతుంది. 20 ఏళ్ళుగా తప్పు చెబుతున్నానని నాకు తెలిసింది ఆ సంచి వల్లనే. తరవాత గాలికి గూట్లోంచి పడిన కొంగపిల్లను చూసి వచ్చి, “దీని ముక్కుకు సందే లేదు సార్” అని ఇంకో ప్రశ్న తెచ్చింది. నిజమే, ఆ సందు పుట్టుకతో రాదు, ఎదిగాక ఏర్పడుతుంది.

ఈ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని మా ఊళ్ళలో అందరూ అంటారు. పత్రికల్లోనూ చాలాసార్లు చదివాను. “సైబీరియాలో వరిపొలాలు లేవు కదా సార్, అక్కడ ఇవి ఏం తింటాయి?” అని అడిగిందామె. అవి మన దేశంలోనూ చుట్టుపక్కల వేడి దేశాల్లోనూ ఉండే పక్షులే. ఈ ముక్క మీ విలేకరులకు కూడా చెప్పండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు ఆమె ఐదో తరగతి. చెట్లు పడిపోయాక కొంగలు ఎక్కడ ఉంటాయని ఇంట్లో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారట. మరుసటి ఏడు నుంచి తానే నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. మొదటి కొంగ వచ్చిన రోజు, ఏ చింతచెట్టు మీద ఎన్ని గూళ్ళు, వాన ఎప్పుడు పడింది. ఎవరూ చెయ్యమనలేదు. మాది సరిహద్దు కదా, ఒడియా మాట్లాడే ముసలమ్మలను అడిగి ఆ పక్షిని వాళ్ళు గెండాలియా అంటారని రాసుకుంది. గెండా అంటే నత్త. రెండు భాషలవాళ్ళూ తిండిని బట్టే పేరు పెట్టారని ఆమె కనిపెట్టిన రోజు నేను స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పాను. ఎప్పుడూ చదువే కాదు, కాలేజీ కబడ్డీ జట్టులో రైడింగ్‌కు ముందు వెళ్ళేది ఆమే. తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. జీడి సొన అమ్మ చేతులను ఎందుకు కాలుస్తుందో తెలుసుకోవడానికి కెమిస్ట్రీ మేడమ్‌ను వారంరోజులు వదల్లేదు.

ఇంతటి పిల్లకు ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక మోడల్ పరీక్షలో ఒకే ప్రశ్న దగ్గర పది నిమిషాలు ఆగిపోయింది, ఇచ్చిన జవాబుల్లో ఏదీ సరైనది కాదని. ఆమె మాట నిజమే, కానీ సమయం అయిపోయింది. ఫలితాలు వచ్చాక తల్లి నా దగ్గరకొచ్చి, “మా పాప రోజూ చదువుతాది గానీ రేంకు రానేదు బాబూ, బుర్ర నేదేటి?” అని అడిగింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ర్యాంకులు తీసెయ్యమని నేను అనడం లేదు. డబ్బూ పలుకుబడీ లేని ఇళ్ళ నుంచి మా పిల్లలు ఇంజినీర్లు, డాక్టర్లు అయ్యారంటే ఆ పరీక్షల వల్లే. మనకు సిఫార్సు లేఖ అంటే తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే కాగితమే గుర్తొస్తుంది. ఉపాధ్యాయుల లేఖకు మార్కులు పెడితే డబ్బుకో, కులానికో రాసేవాళ్ళు బయల్దేరతారు, ఆ భయం నాకూ ఉంది. అందుకే మార్కులు వద్దు. డిగ్రీ ఆన్‌లైన్ దరఖాస్తులో ఒక్క పేజీ పెట్టండి చాలు. పిల్లలు సొంతంగా చేసిన పని ఏదైనా ఉంటే అక్కడ చూపిస్తారు, పాఠం చెప్పినవాళ్ళు పది వాక్యాలు రాస్తారు. సీటు ర్యాంకుతోనో మార్కులతోనో వచ్చినా, చేరిన రోజు అక్కడి లెక్చరర్ ఆ పేజీ చదివితే, తన క్లాసులో ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది. ఉన్నత విద్యామండలి దీన్ని ఆలోచించాలి. మీ పత్రిక కూడా ఫలితాల రోజున ఇలాంటి పిల్లల గురించి జిల్లాకు ఒకరినైనా రాయాలని కోరుతున్నాను.

వచ్చే వారం ఆమెకు ఇంటర్వ్యూ. నోటుపుస్తకం తీసుకెళ్ళమన్నాను. తేలుకుంచికి ఈ ఏడాది మొదటి కొంగ ఇంకా రాలేదు. ఆ రోజుకు తాను ఊళ్ళో ఉండకపోతే తేదీ రాసిపెట్టమని తమ్ముడికి కొత్త పుస్తకం కొనిచ్చింది.

– ఒక జువాలజీ అధ్యాపకుడు, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం జిల్లా