ఈ ఆదివారం ఫోన్ చెయ్యి

చిట్టీ,

ఇక్కడ అంతా కులాసా. పలాస నుంచి మీ బాబాయ్ జీడిపప్పు పంపాడు, నీ వాటా తీసి డబ్బాలో పెట్టాను. అక్కడ చలి మొదలైందట, చెవులకి మఫ్లర్ లేకుండా బండెక్కకు.

ఈ మధ్య ఆదివారాలు నీ ఫోన్ రావడం లేదు. పని ఎక్కువేమోలే. నాన్న అడిగిందే అడుగుతున్నారని నువ్వు విసుక్కున్నావని పిన్ని అంది. పిన్ని గోరంత ఉంటే కొండంత చేస్తుంది, తెలుసుగా.

మీ నాన్న బాగానే ఉన్నారు. పొద్దున్నే నాగావళి గట్టు దాకా నడుస్తున్నారు, కూరగాయల చిల్లరలో రూపాయి తేడా రానివ్వరు. ఎటొచ్చీ మాటల దగ్గరే.

మొన్న కంచిలి మామయ్య వస్తే తిత్లీ తుఫాను కబుర్లొచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం వాళ్ళింట్లోనే ఉన్నాం కదా. నాన్న ఆ కథ మొదలెడితే కాఫీలు చల్లారిపోయేవి. ఏ కొబ్బరిచెట్టు ఎటు ఒరిగింది, ఎవరి పాక రేకులు ఎవరి జీడితోటలో పడ్డాయి, మామయ్య లుంగీ ఎగ్గట్టి గేదెని విప్పడానికి వానలో ఎలా పరిగెత్తాడు, ఒక్కటీ వదిలేవారు కాదు. మొన్న మాత్రం, "గాలొచ్చింది. అవన్నీ పడిపోయాయి. వీడెళ్ళి దాన్ని విప్పాడు" అన్నారు. అంతే. మామయ్య "దేన్ని బావా?" అన్నాడు. "అదేనయ్యా, పాలిచ్చేది" అన్నారు. మామయ్య నవ్వేశాడు. కాసేపటికి మళ్ళీ "గాలొచ్చింది" అని మొదలెట్టారు. మామయ్య ఈసారి నవ్వలేదు.

రాత్రిళ్ళు నిద్రపట్టక ఫోన్‌లో ఇవే చదువుతున్నాను. మనుషుల పేర్లు చప్పున గుర్తురాకపోవడం వయసుతో అందరికీ ఉండేదే. గేదె, గరిటె లాంటి రోజువారీ మాటలు పోయి "అదీ ఇదీ" మిగలడం, వాక్యాలు పొట్టివైపోవడం, చెప్పిందే చెప్పడం మాత్రం పట్టించుకోవాలట. అమెరికాలో కొందరు క్రైస్తవ సన్యాసినులు వయసులో ఉండగా రాసుకున్న తమ కథల్ని పరిశీలించి, రాతలో విషయం పలచగా ఉన్నవాళ్ళకే ముసలితనంలో అల్జీమర్స్ ఎక్కువగా వచ్చిందని 1996లో రాశారు. పెళ్ళికి ముందు మీ నాన్న రాసిన ఉత్తరాలు నా పెట్టెలో ఉన్నాయి, వాటిలో పలచన అన్నది లేదు. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది మతిమరుపు జబ్బు (డిమెన్షియా) రోగుల వివరాలు చూసి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో చెప్పింది. పాతపట్నం పోస్టాఫీసులో ఉన్నన్నాళ్ళూ పర్లాకిమిడి వాళ్ళతో నాన్న ఒడియాలోనే మాట్లాడేవారు కదా. కానీ ఆలస్యమంటే అసలు రాదని కాదుగా.

బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, చెవి సరిగ్గా వినబడకపోయినా, లోపల దిగులున్నా ఇలాగే ఉండొచ్చట. అదైతే వైద్యం ఉంది. అందుకే రక్తపరీక్ష అంటుంటే, "ముందు నువ్వు చేయించుకో" అంటున్నారు. నువ్వు చెబితే వింటారు.

నీకు నీతులు చెప్పాలని కాదు గానీ, ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే కాస్త ఆగు. వెంటనే అందించెయ్యకు. "ఇందాకే చెప్పాను కదా" అనకు. పక్కన టీవీ కట్టెయ్యి. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో డాక్టర్లు అడుగుతారట, నువ్వు ఫోన్‌లో ఆ పరీక్ష పెట్టకు, ఆయనకు ఒళ్ళు మండుతుంది. వేళకి తిను. బయట బిర్యానీలు తగ్గించు.

సంక్రాంతి దాకా ఆగకుండా ముందే ఓసారి రా, ఆయన్ని డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్దువుగాని. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చూడు. ఆమదాలవలసలో దిగు, ఆటో మాట్లాడుకోకు, తమ్ముడు బండి తెస్తాడు.

మీ అమ్మ