అయోడిన్ డోసు తర్వాత దిక్కెవరు?

థైరాయిడ్ అతిగా పనిచేసేవారికి రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చి పంపేశాక వారి గుండె, రక్తనాళాల సంగతి పట్టించుకునేవారే లేరు. ఆ అయోడిన్-131 అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) 8 రోజులే. దాని దెబ్బకు గ్రంథి మాత్రం నెలల తరబడి నీరసిస్తూ, చాలామందిలో చివరికి పనే మానేస్తుంది. అప్పుడు ఆ లోటు తీర్చే థైరాక్సిన్ హార్మోన్ మాత్ర వేసుకోకపోతే చెడు కొలెస్ట్రాల్ పెరిగి, రక్తనాళాలు గట్టిపడతాయి. మా అక్కకిచ్చిన డిశ్చార్జి కాగితంలో ‘పిల్లలకు దూరంగా ఉండాలి’ అని ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాశారు, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఊసే లేదు. ఏడాది తిరిగేసరికి ముఖం ఉబ్బింది, ఒళ్లు బరువెక్కింది. ‘వయసు కదా’ అని సరిపెట్టుకున్నాం (ఆమెకు 43!). కొలెస్ట్రాల్ చూపించాకే అసలు సంగతి తెలిసింది. 6 వారాలకు మొదటి టీఎస్‌హెచ్, ఆపై బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షల తేదీలు అయోడిన్ ఇచ్చిన ఆస్పత్రే ఆ కాగితంపై రాసివ్వాలి. ప్రభుత్వ పరీక్షా కేంద్రాలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో థైరాయిడ్ పరీక్ష ఉచితమేనన్న మాట కూడా అక్కడే చెప్పాలి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం