బాబాయ్‌కి, ఫ్రెస్నో నుంచి: పాత చెవ్రొలెట్‌కి ఇంజన్ మార్చాం

ఫ్రెస్నో, కాలిఫోర్నియా

ప్రియమైన బాబాయ్‌కి నమస్కారాలు.

మేమంతా ఇక్కడ క్షేమం. నువ్వూ పిన్నీ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో ఎంత మాట్లాడినా "ఇంతకీ గేర్‌బాక్స్ ఎట్లా కుదిరింది రా?" అన్న దగ్గరే ఆగిపోతున్నాం. అందుకే తీరుబడిగా రాస్తున్నాను. ఆటోనగర్‌లో నీ షెడ్డులో జీపులకు పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్ ఎక్కిస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి రాస్తాను!

బండి 1950 నాటి చెవ్రొలెట్ 3100 పికప్. పక్క బాదం తోట పెద్దాయన దగ్గర కొన్నాను. దాని 216 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్ సుమారు మూడున్నర లీటర్లది, వరసగా ఆరు సిలిండర్లు. మంచి ఇంజనే, కానీ కనెక్టింగ్ రాడ్ బేరింగులకు పంపు ప్రెజర్‌తో ఆయిల్ అందదు. రాడ్డు అడుగున చిన్న గరిటెలాంటి ముక్క ఉంటుంది, అది తిరుగుతూ ఆయిల్‌ని తోడుకోవాలి. బేరింగులు కూడా ఇప్పటిలా విడిగా తీసి మార్చేవి కావు, రాడ్డులోనే బాబిట్ అనే మెత్తని లోహం పోసి చేసినవి. తోటల మధ్య నిదానంగా తిరగడానికి దానికి ఎదురులేదు. హైవే 99 మీద 60 మైళ్ల వేగం అందుకుంటే మాత్రం ఇంజన్ నిమిషానికి 2,900 చుట్ల దాకా తిరిగేది. పాపం, దాన్ని అలా చంపడం నాకు మనసొప్పలేదు.

ఇక్కడ అందరూ వీ8 వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. బానెట్ ఎత్తితే ఆ ఆరు సిలిండర్లే కనబడాలి. అందుకే అదే వంశంలోని 1959 నాటి 235 ఇంజన్ తెచ్చాం. దీంట్లో రాడ్డు బేరింగులకు పంపు నుంచే ఆయిల్ వెళుతుంది. ఇంజన్ కోసం ఛాసిస్‌లో ఒక్క ముక్క కూడా కోయలేదు. పాతదాన్ని గ్రీజు పూసి షెడ్డులో భద్రపరిచాను, రేపు ఎవరికైనా కావాలంటే తిరిగి ఎక్కించుకోవచ్చు. చిక్కు వచ్చింది వాటర్ పంపు దగ్గర. 1955 తర్వాతి 235లకు పంపు తీరు వేరు, పాత రేడియేటర్ ముందు ఫ్యాను సరైన చోట నిలవదు. మధ్యలో అడాప్టర్ ప్లేటు పెట్టి పాత పంపునే బిగించాం.

ఇక నీ గేర్‌బాక్స్ సంగతి. చెవ్రొలెట్ ఎస్-10 పికప్‌లో వచ్చిన బోర్గ్-వార్నర్ టీ5 వేశాం, అయిదు గేర్లు. ఎస్-10దే ఎందుకంటే, దాని గేర్ రాడ్ బాగా ముందుకు ఉంటుంది, సీటుకు తగలకుండా పైకి వస్తుంది. ఈ బండిలో ఇంజన్ వెనక మౌంట్లు బెల్ హౌసింగ్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే గుల్ల) మీదే ఉంటాయి. కాబట్టి పాత బెల్ హౌసింగ్‌ని వదులుకోలేం. దాని రంధ్రంలో పట్టేలా టీ5 ముందు బేరింగుని పట్టి ఉంచే రిటైనర్‌ని లేత్ మీద సాపు చేయించాం. తర్వాత డయల్ గేజ్ పెట్టి చుట్టూ తిప్పి చూశాం. తేడా అయిదు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) దాటితే ఈ గేర్‌బాక్స్ బేరింగులు ఎక్కువ కాలం ఆగవు. ఒక మూల సన్నని షిమ్ము (రేకు ముక్క) పెట్టాక గేజ్ ముల్లు దారికొచ్చింది. ఆ పూట ఎవరం భోజనం సంగతే ఎత్తలేదు.

ఫ్లైవీల్ పాతదే ఉంచాం. 6 వోల్టుల ఫ్లైవీల్‌కి 139 పళ్లు, 12 వోల్టులదానికి 168. పాత బెల్ హౌసింగ్‌కి, పాత సెల్ఫ్‌కి నప్పేది మొదటిదే. వైరింగు 12 వోల్టులకు మార్చినా సెల్ఫ్ అదే, కాలితో తొక్కేది. ఇప్పుడు తొక్కీ తొక్కగానే ఇంజన్ అందుకుంటోంది.

వెనక భాగం పెద్ద పని. పాత బండికి వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక గొట్టంలో మూసి ఉంటుంది, టీ5 వెనక అది కుదరదు. 1955-59 నాటి ఓపెన్ షాఫ్ట్ వెనక యాక్సిల్ హౌసింగ్ తెచ్చి కమాన్ల సీట్లు కొత్తగా వెల్డింగ్ చేయించాం. దాని డిఫరెన్షియల్ నిష్పత్తి 3.90, టీ5 టాప్ గేర్‌ది 0.72. ఇప్పుడు 60 మైళ్ల దగ్గర ఇంజన్ 2,000 మీదే నిలకడగా ఉంటోంది, పక్కన కూర్చున్నవాళ్లతో మామూలుగా మాట్లాడుకోవచ్చు! వేగం పెరిగాక పాత బ్రేకులను నమ్మకూడదని, హైవే ఎక్కకముందే రెండు అరల మాస్టర్ సిలిండర్ బిగించాం.

మన దగ్గర ఇంజన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలో ఎక్కించాలి కదా. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోల్ బళ్లకు పొగ పరీక్ష లేదు, ఆ టెన్షన్ తప్పింది.

ఒక్కటి మిగిలింది. 45 మైళ్ల దగ్గర సన్నగా వణుకు, 55 దాటితే పోతుంది. షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించాను, షాఫ్ట్ కీళ్ల క్రాసులు కొత్తవే. గేర్‌బాక్స్ వాలూ డిఫరెన్షియల్ పినియన్ వాలూ సమానంగా లేవేమోనని నా అనుమానం. కమాన్ల కింద వెడ్జి ప్లేటు వేసి సరిచేయనా, సీట్లు మళ్లీ వెల్డింగ్ చేయించనా? నువ్వు జీపులకు ఎట్లా చేసేవాడివో వాయిస్ మెసేజ్ పెట్టు. ఫొటోలు తమ్ముడికి పంపాను, చూపిస్తాడు.

పిన్నికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ అబ్బాయి