‘ఏమీ లేదమ్మా’ అన్నావు కదా

హైదరాబాదు,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

"మూడు రోజులు వెతికాను, 1960, 61లలో అఫ్లటాక్సిన్ మీద ఒక్క పేపరూ లేదమ్మా, మా గైడు గారికి అదే చెప్పేస్తా" అన్నావు నిన్న ఫోనులో. ముప్పయ్యేళ్లు సైన్సు లైబ్రరీ కౌంటరు వెనక కూర్చున్నదాన్ని కదా, "లేదు" అన్న మాట వింటే నాకు నిద్ర పట్టదు.

ఆ పేరు పుట్టకముందే ఆ బూజు విషం ఉందే! 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఎందుకో తెలియక ‘టర్కీ ఎక్స్ డిసీజ్’ అన్నారు. వాటి మేతకని బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్కలో బూజుందని తర్వాత తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అన్న ఆ బూజు పేరులోంచే అఫ్లటాక్సిన్ వచ్చింది. మొదటి పేపర్లలో నువ్వు వెతికే మాట ఎలా ఉంటుంది? కోళ్లుంటాయి, చెక్క ఉంటుంది, బూజు ఉంటుంది. వాటితో వెతుకు.

నేనూ తక్కువ తినలేదులే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సైంటిస్టు గారికి ‘గ్రౌండ్‌నట్’ అని వెతికి ఇచ్చాను. మర్నాడు ఆయనే ఒక అమెరికా పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వాళ్లకది ‘పీనట్’. తలెత్తుకోలేకపోయాను. మనింట్లోనే నువ్వు పల్లీలంటావు, నేను వేరుశనగంటాను, అమ్మమ్మ బుడ్డలంటుంది. అన్ని పేర్లూ, ‘ఆరాకిస్ హైపోజియా’తో సహా, వెతికే పెట్టెలో మధ్యమధ్య ‘ఆర్’ పెట్టి ఒక బ్రాకెట్లో వెయ్యి, ఏ ఒక్కటున్నా పేపరు వస్తుంది. బూజు మాటలు ఇంకో బ్రాకెట్లో. రెండూ ఉన్న పేపర్లే రావడానికి రెంటినీ ‘ఆండ్’తో కలుపు.

పేర్లతో ఈ గొడవ పడలేకే, కెమిస్ట్రీ పేపర్ల సారాంశాలు వేసే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వాళ్లు 1965 నుంచి ఒక్కో రసాయనానికి ఒక్కో నంబరు ఇస్తున్నారు. అఫ్లటాక్సిన్ బి1ది 1162-65-8. ఆఖరి 8 తనిఖీ కోసం. దానికి ముందున్న 5తో మొదలెట్టి ఎడమవైపు వెళ్తూ 1, 2, 3 అని వరసగా గుణించి కూడు: 58 వస్తుంది, చివర 8. అంకె తప్పు రాసుకుంటే చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. ఈ లెక్కంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఒక్క పాత పేపరు దొరికినా చాలు. దాని వెనకున్న రిఫరెన్సులు చూస్తే ముందటివి తెలుస్తాయి. తర్వాత దాన్నెవరు ఉదహరించారో సైటేషన్ ఇండెక్సులో చూడు. 1960లలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన ఆ ఇండెక్సు తెచ్చింది ఇందుకే. చీమల్లాంటి అక్షరాలతో ఆ లావుపాటి సంపుటాలు చూసీ చూసీ నా కళ్లజోడు నంబరు పెరిగింది. నీకు ఒక్క క్లిక్కు. ఏఐ చెప్పిన రిఫరెన్సయితే మాత్రం పేపరు తెరిచి చూడందే రాసుకోకు.

అసలు సంగతి మర్చిపోయాను. గైడు గారికి కావలసింది ఆ విషాన్ని ఎలా కనిపెట్టారన్న చరిత్రా, అప్పట్లో ఎలా కొలిచారన్నదా? అడిగావా? మా కౌంటరు దగ్గర సగం పని ఆ ప్రశ్నతోనే అయిపోయేది.

ఎక్కడ, ఏ తేదీన, ఏ మాటలతో వెతికావో, ఎన్ని వచ్చాయో నోటుబుక్కులో రాసి ఫోటో పంపు. అవన్నీ చూశాక కూడా లేదంటే, లేదనే చెబుదువుగాని.

పల్లీల పొడి కొరియర్ చేశాను. బూజు గింజలు ఏరేశాలే, భయపడకు.

అమ్మ