కుక్కతోపాటు దాని స్వభావ పత్రం కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

కుక్కల దత్తత మేళాల వార్తల్లో ఎన్నింటికి ఇల్లు దొరికిందో రాస్తారు. వాటిలో ఎన్ని వెనక్కి వచ్చాయో ఎక్కడా కనిపించదు. వెనక్కి తెచ్చేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటే: ‘‘వారం రోజులు బుద్ధిగా ఉంది, ఆ తర్వాతే మొరగడం, మీదికి రావడం మొదలుపెట్టింది.’’ నిజానికి ఆ వారం అది భయంతో బిగుసుకుపోయి ఉంది. కాస్త కుదుటపడ్డాకే పాత భయాలు బయటపడతాయి. ఈ సంగతి ముందే చెప్పి పంపితే చాలా కుక్కలకు రెండోసారి దిక్కులేని గతి పట్టదు. అందుకే షెల్టర్లకూ, వాటికి అనుమతులిచ్చే స్థానిక సంస్థలకూ ఒక విన్నపం. వ్యాక్సిన్ కార్డుతోపాటు, ఆ కుక్క దేనికి బెదురుతుందో, ఎలా అలవాటు చేయాలో రాసిన పత్రం ఇవ్వడం తప్పనిసరి చేయాలి.

అందులో మొట్టమొదట ఉండాల్సింది పారిపోకుండా చూసుకునే పద్ధతి. బెదిరిన కుక్క తల వంచి వెనక్కి గుంజితే మామూలు మెడ బెల్టులోంచి తల ఇట్టే జారిపోతుంది. కాబట్టి మొదటి వారాల్లో మెడ బెల్టుకు ఒక తాడు, ఛాతీకి వేసే హార్నెస్‌కు మరో తాడు ఉండాలి. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు చాలు. మీట నొక్కితే సాగి, వదిలితే చుట్టుకునే తాళ్లు అసలే వద్దు. చేయి జారితే ఆ ప్లాస్టిక్ పిడి టకటకమంటూ వెనకాలే వస్తుంది. ఏదో తరుముతోందనుకుని కుక్క ఇంకా జోరుగా పరుగెడుతుంది.

కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు చుట్టాలను పిలవొద్దు, స్నానాలు పెట్టొద్దు. ఒక మూల పడక, నీళ్లు ఏర్పాటు చేసి, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగాలి.

అందరూ పొరబడేది ‘అలవాటు చేయడం’ దగ్గరే. జనంలోకి లాక్కెళితే భయం పోతుందనుకుంటారు, పోదు సరికదా ముదురుతుంది. ఇతర కుక్కలను చూసి మొరిగే కుక్కనే తీసుకోండి. ముందు దూరం తేల్చుకోవాలి. అవతలి కుక్కను చూసి చెవులు నిక్కించినా, పిలవగానే మీవైపు తిరగగలిగితే ఆ దూరం సరైనది. అది 50 అడుగులు కావచ్చు, 100 కావచ్చు. మాంసం ముక్క ఇచ్చినా ముట్టకపోయినా, వేళ్లు కూడా కొరికేంత ఆత్రంగా లాక్కున్నా మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం. ఇక వరుస చాలా ముఖ్యం. అవతలి కుక్క కనబడాలి, ఆ తర్వాతే బఠాణీ గింజంత ముక్క ఇవ్వాలి. అది కనుమరుగు కాగానే ముక్కలూ ఆగిపోవాలి. ముందే ముక్క చూపించి మెల్లగా దగ్గరికి నడిపిస్తే ఫలితం తిరగబడుతుంది. ఆ ముక్క వాసన వస్తే ఏదో భయపెట్టేది రాబోతోందని కుక్క నేర్చుకుని, చివరికి తిండినే అనుమానిస్తుంది. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. ఆ ముక్కలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. మొరిగిందంటే తిట్టకుండా దూరం పెంచాలి.

గుర్రుమన్నందుకు కొట్టడం అన్నిటికంటే ప్రమాదం. గుర్రుమనడం ‘నాకు కష్టంగా ఉంది, ఆగు’ అని చెప్పడమే. దెబ్బలతో దాన్ని మాన్పిస్తే భయం అలాగే ఉండిపోతుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. ఏ సూచనా లేకుండా కరిచే కుక్కల్లో కొన్ని ఇలా తయారైనవే. గుర్రుమనే ముందే అది చాలా చెబుతుంది: నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తిండి లేకపోయినా పెదాలు నాకుతుంది, తల తిప్పుకుని కళ్ల తెల్లభాగం కనబడేలా ఓరగా చూస్తుంది, ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. తోక ఊపినంత మాత్రాన స్నేహం అనుకోకూడదు. ఒళ్లు బిర్రుగా ఉండి తోక పైకెత్తి చిన్నగా కదిలిస్తుంటే దాని దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదు. తిండి గిన్నె దగ్గర గుర్రుమంటే గిన్నె లాగేసి ‘యజమాని ఎవరో’ చూపించడం కాదు, కొంచెం దూరం నుంచి వెళుతూ ఇంకా మంచి ముక్క ఒకటి అటు విసరాలి.

కుక్కను అదుపు చేయడానికి మెడకు కట్టే కరెంటు షాక్ బెల్టుల అమ్మకం మీదా ప్రభుత్వాలు దృష్టి పెట్టాలి. నొప్పి కలిగిన క్షణంలో ఎదురుగా ఒక చిన్నపిల్ల ఉంటే, ఆ నొప్పిని కుక్క ఆ పిల్లకే ముడిపెట్టుకోవచ్చు. బ్రిటన్‌లోని వేల్స్ 2010లోనే కుక్కలకూ పిల్లులకూ వీటి వాడకాన్ని నిషేధించింది.

కూనల విషయంలో పశువైద్యులకూ ఒక మాట. కొత్తవాటిని బెదురు లేకుండా స్వీకరించే వయసు 3 వారాల నుంచి సుమారు 14 వారాల వరకే. టీకాల వరుస పూర్తయ్యేసరికి 16 వారాలు దాటుతాయి. ‘టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించొద్దు’ అంటే ఆ వయసంతా నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే దీనికి దారి చెప్పింది. మొదటి టీకా, నులిపురుగుల మందు పడ్డాక కనీసం 7 రోజులు ఆగి, 7–8 వారాల వయసు నుంచే, కూనలను మనుషులకూ తోటి కూనలకూ అలవాటు చేసే తరగతులకు తీసుకెళ్లవచ్చు. ఊరకుక్కలు తిరిగే నేల మీద దింపకుండా, చేతుల్లో ఎత్తుకుని వాహనాల చప్పుడు, గొడుగులు, టోపీలు, రకరకాల మనుషుల్ని చూపించినా ఎంతో మేలు.

షెల్టర్లు మేళాలో దరఖాస్తులు మాత్రమే తీసుకోవాలి. ఇంటిల్లిపాదీ రెండుసార్లు వచ్చి కుక్కతో గడిపాకే అప్పగించాలి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండింటినీ ఇంటి బయట, ఎవరి చోటూ కాని దారిలో, దూరం ఉంచి పక్కపక్కన నడిపించి చూడాలి. అప్పగించిన 3 రోజులకు, 3 వారాలకు, 3 నెలలకు షెల్టరే ఫోన్ చేసి పరిస్థితి కనుక్కోవాలి. స్థానిక సంస్థలు అనుమతి పునరుద్ధరించే ముందు ఎన్ని కుక్కలు ఏ కారణంతో తిరిగొచ్చాయో లెక్క అడగాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు