మీ మొజంజాహీ గడియారం పసుపెక్కుతోంది

నమస్కారం. పోయిన ఏడాది నా దగ్గర ‘మొజంజాహీ గడియారం’ ఎచింగ్ (హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ గడియారాన్ని జింకు ప్లేటు మీద గీసి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) కొన్న 27 మందికి రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా అభ్యంతరం లేదు.

ఆగస్టులో మీలో ఒకాయన ఫ్రేమ్ అద్దం పగిలిందని బొమ్మ పట్టుకుని బర్కత్‌పురాలో నా షాపుకు వచ్చారు. విప్పి చూస్తే మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిన అంచు తెల్లగానే ఉంది, వెలుతురు తగిలిన భాగమంతా పసుపు. ఏడాది కూడా నిండలేదు. కాగితంలో ఆమ్లం ఉందో లేదో చెప్పే పెన్ను నా సొరుగులో ఉంది. ఆమ్లం లేకపోతే ఊదా గీత పడాలి, పసుపు గీత పడింది. అమ్మకుండా మిగిలిన 13 కాపీల మీదా గీశాను. పదమూడూ అంతే.

నూరు శాతం కాటన్ కాగితం అని బిల్లు మీద రాసి మరీ ఇచ్చాడు సప్లయర్. ఇచ్చింది మాత్రం చెక్క గుజ్జు కలిపిన కాగితం. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థానికి వెలుతురు తగిలితే రంగు మారక మానదు. పద్నాలుగేళ్ళుగా అతని దగ్గరే కొంటున్నాను, వాళ్ళమ్మాయి పెళ్ళికి బొమ్మ కూడా పట్టుకెళ్ళాను. ఫోన్ చేస్తే “మిల్లువాళ్ళు పంపిందే మీకిచ్చాం సార్” అన్నాడు. బిల్లు ఫోటో పంపాను. రెండు రోజుల తర్వాత, వచ్చే ఆర్డర్ మీద 10 శాతం తగ్గిస్తానని మెసేజ్. వచ్చే ఆర్డరట! నేనింకా అతని గుమ్మం తొక్కుతాననుకున్నాడు. అంచులు కూడా చేత్తో చింపినట్టు ఎంత ముద్దుగా చేశారో, ఆ శ్రద్ధేదో కాగితం మీద పెట్టాల్సింది.

అయినా పెన్ను కొని మూడేళ్ళయింది. దాని మూత తీసింది ఈ ఆగస్టులోనే. మనవాడే కదా అని పరీక్ష చెయ్యలేదు. ఆ తప్పు నాదే.

తర్వాత మూడు వారాలు సరిగా నిద్రపోలేదు. మా ఆవిడ డబ్బు వాపసిచ్చేయమంది. మనిషికి 6,500 చొప్పున 1,75,500. నా ఖాతాలో అంత లేదు, దాచేదేముంది. తోటి ఆర్టిస్టులు “రెండో ఎడిషన్ అని వేసి పంచెయ్, ఎవరు లెక్కపెడతారు?” అన్నారు.

నేను లెక్కపెడతాను. ఎం.ఎఫ్. హుస్సేన్ పెయింటింగ్ ‘గ్రామ్ యాత్ర’ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో సుమారు 118 కోట్లకు పోయినప్పుడు మీలో ముగ్గురు “మాది కూడా పెరుగుతుందా?” అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను. ఆ పెయింటింగ్ లోకంలో ఒక్కటే. నా జింకు ప్లేటు మీద ఇంకు పూసి ప్రెస్‌లో తిప్పితే ఇంకో కాపీ వస్తుంది. నలభై దగ్గర ఆపుతానని పెన్సిల్‌తో 12/40 అని, అంటే నలభైలో పన్నెండోదని, రాసి సంతకం పెట్టాను కాబట్టే మీరు అంత ఇచ్చారు. ఎనభై వేశాక ఆ అంకెకు అర్థమేముంది? క్యాలెండర్ బొమ్మే నయం, అబద్ధం చెప్పదు.

కాబట్టి కొత్త కాగితం మీద, ఈసారి ప్రతి షీటూ పరీక్షించి, మళ్ళీ 40 తీస్తాను. మీ నంబరే మీకు వస్తుంది, పైసా ఇవ్వక్కర్లేదు. పాతది తెచ్చి ఇవ్వాలి, మీ ఎదురుగానే చింపేస్తాను. పాతది ఇవ్వనంటే కొత్తది లేదు. ఈ విషయంలో బతిమాలొద్దు, ఇప్పటికే ఒకరితో మాటా మాటా అయింది. డాలస్‌కు కానుకగా పంపినవారు మాత్రం సంతకం, నంబరు ఉన్న కింది అంచును బొమ్మలో ఒక అంగుళం కలిపి కోయించి పోస్టు చేయిస్తే చాలు.

ఇంకో మాట. ప్లేటు కాస్త అరిగింది. గడియారం వెనక ఆకాశం నలుపు మునుపటంత చిక్కగా రాదు. అది నచ్చనివారికి నెలకు ఇద్దరు చొప్పున డబ్బు వాపసిస్తాను.

నలభయ్యోది తీసిన రోజే, ఇంకో కాపీ తీయడానికి పనికిరాకుండా, ప్లేటు మీద ఈ మూల నుంచి ఆ మూలకు సూదితో గాట్లు పెడతాను. ఆ గాట్లతో ఒక ప్రింటు తీసి షాపులో తగిలిస్తాను, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

రోజుకు నాలుగే తీయగలను, దసరా దాకా టైమివ్వండి. ఫ్రేమ్ మీరు విప్పకండి, అలాగే తెండి. ఆదివారం షాపు ఉండదు.